బొమ్మ వెనక్కి తిరిగిన రోజు

నా చిన్నప్పుడు, పుష్యమాసంలో ఒక మంగళవారం ఉదయం ఏడుంపావుకి, పక్కింటి పెద్దమ్మ తన వాకిలి ఊడ్చిన చెత్తను తట్టలోకి ఎత్తి మా పెరటి వెనక ఉన్న గత్తం కుప్ప మీద పోసింది. టైము అంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. విశాఖపట్నం వైపు వెళ్ళే పాసింజరు అప్పుడే శారదా నది వంతెన మీద కూత వేసింది. మా ఇంట్లో గడియారం లేదు. ఆ కూత వినగానే మా నాన్న బెల్లం దిమ్మలు మోయడానికి అనకాపల్లి మార్కెట్టుకి బయల్దేరేవాడు. నేను పెరటి గుమ్మం మీద కూర్చుని ఉన్నాను. పెద్దమ్మ ఖాళీ తట్టను రెండుసార్లు దులిపి, నా వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. ఆ రోజు గురించి నాకు గుర్తున్న మొదటి సంగతి అదే.

ఆ పెద్దమ్మ ఈ పుష్యమాసంలో పోయింది. అందుకే ఇది రాస్తున్నాను.

గత్తం అంటే పశువుల పేడ, చెరకు ఆకు, పొయ్యి బూడిద, ఇంటి చెత్త కలిసి కుళ్ళి తయారయ్యే ఎరువు. పెంట అని కూడా అంటారు. మా రెండిళ్ళకూ కలిపి ఒకటే కుప్ప ఉండేది. పెద్దమ్మ మాకు చుట్టం కాదు. మా అమ్మకంటే నాలుగేళ్ళు పెద్దది కాబట్టి నేను అలా పిలిచేదాన్ని. ఇద్దరూ ఒకే ఏడాది ఆ వీధికి కోడళ్ళుగా వచ్చారట.

నా పేరు పెంటమ్మ. మా తరంలో మా వైపు ఆ పేరున్నవాళ్ళు వీధికి ఒకరైనా ఉండేవారు. నాకు ముందు మా అమ్మకు ఇద్దరు పుట్టి, నెల తిరగకుండానే పోయారు. అలా పోయిన ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డకు ఒక తంతు చేసేవారు. పదకొండో రోజున బిడ్డను చేటలో పడుకోబెట్టి గత్తం కుప్ప మీద వదిలేస్తారు. తల్లి కుప్పకు వీపు పెట్టి, ఇంటి వైపు మొహం పెట్టి నిలబడాలి. అక్కర్లేనిదాన్ని పారేసిన మనిషిలా నిలబడాలి. పొరుగింటావిడ సందు చుట్టూ తిరిగి వచ్చి, దారిలో దొరికినట్టుగా బిడ్డను ఎత్తుకుని, కొంటావా అని తల్లిని అడుగుతుంది. తల్లి చేటెడు తవుడు కొలిచి ఇచ్చి బిడ్డను తీసుకుంటుంది. చావు మళ్ళీ ఆ ఇంటికి వస్తే, ఇది ఎవరో పారేసిన పిల్ల, తవుడుకి కొన్న పిల్ల అనుకుని వదిలేసి పోతుందని నమ్మకం. బిడ్డను ఎత్తేదాకా తల్లి వెనక్కి తిరిగి చూడకూడదు. చూస్తే తంతు చెడుతుంది. మా నాన్నమ్మ ఇలాంటి నియమాల దగ్గర చాలా గట్టి మనిషి.

అది ఉత్త తంతు అని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పకూడదు. పైకి చెబితే దాని బలం పోతుందని భయం. అందుకని ఎవరిని అడిగినా, అవును, నిన్ను గత్తం మీద ఏరుకున్నాం, తవుడుకి కొన్నాం అనేవారు. మా అమ్మను కూడా అడిగాను. "అవునే, చాటెడు తవుడు పోసేను నీకు" అంది. అంటూ నా తల దువ్వుతూనే ఉంది. నేను దువ్వెనను లెక్కలోకి తీసుకోలేదు. మాటను మాత్రమే తీసుకున్నాను.

బడిలో పిల్లలకు ఇది మంచి ఆట. నేను గేటు దాటగానే ముగ్గురు నలుగురు కలిసి పాట అందుకునేవారు. "పెంటమ్మా పెంటమ్మా, ఎవరి పిల్లవే పెంటమ్మా, చాటెడు తవుడుకి ఒచ్చేవే!" వాళ్ళ మీద కోపం రాలేదు. వాళ్ళు నిజమే అంటున్నారని అనుకున్నాను. ఇప్పటివాళ్ళకు ఇది నమ్మశక్యంగా ఉండకపోవచ్చు. ఒక పిల్లకు ఊరంతా కలిసి ఒకే మాట చెబితే, ఆ పిల్ల నమ్మకుండా ఎలా ఉంటుంది?

నాకు ఏడేళ్ళప్పుడు, వానాకాలంలో, మా అమ్మ జ్వరంతో పోయింది. ఆ రోజు నేను ఏడవలేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నన్ను దగ్గరికి తీసుకుని ఏడిచారు, నేను నిలబడి చూశాను. ఒకావిడ "ఓలమ్మో, ఇది పిల్ల కాదు, రాయి" అంది. ఆవిడకు తెలియని సంగతి ఏమిటంటే, ఏడవడానికి నాకు హక్కు లేదని నేను అనుకున్నాను. అమ్మ నా సొంత అమ్మ కాదు కదా. తవుడు పోసి కొనుక్కుంది, అన్నం పెట్టింది, పోయింది. సొంత పిల్ల అయితే ఏడవాలి. కొన్న పిల్ల ఎంత ఏడవాలో నాకు తెలియలేదు.

తర్వాత రెండేళ్ళు ఖాళీ దొరికినప్పుడల్లా గత్తం కుప్ప దగ్గర కూర్చునేదాన్ని. నన్ను పారేసిన మనిషి ఎప్పుడైనా వెతుక్కుంటూ వస్తే, వదిలిన చోటికే వస్తుంది. నేను అక్కడ లేకపోతే ఎలా? ఈ ఆలోచన ఎవరికీ చెప్పలేదు. నాన్న సాయంత్రం వచ్చి నన్ను అక్కడ చూసి, లోపలికి రమ్మని తలతో సైగ చేసేవాడు. మా ఇంట్లో మాటలు తక్కువ. అమ్మ పోయాక ఇంకా తగ్గాయి.

ఆ మంగళవారానికి నాకు తొమ్మిదేళ్ళు. బడికి సంక్రాంతి సెలవులు.

పొద్దు బారెడెక్కాక బొమ్మలాయన సైకిలు మీద వచ్చాడు. సైకిలు వెనక ఒక రేకు పెట్టె, రెండు వెదురు కర్రలు కట్టి ఉన్నాయి. చీడికాడ నుంచి వచ్చాడని, పంచాయతీ సమితి ఆఫీసు వాళ్ళు పంపారని, గత్తం ఎలా వెయ్యాలో, పెరట్లో కూరపాదులు ఎలా పెంచాలో బొమ్మలతో ఆడి చూపిస్తాడని అందరికీ తెలిసింది. ఒకచోట స్థిరంగా ఉండి ఆడే మనిషి కాదు. వీధి వీధికీ ఆగి, అరగంట ఆడి, మూట కట్టుకుని మరో వీధికి పోయేవాడు. ఎండలోనే ఆట. వెదురు కర్రలు నేలలో పాతి, వాటి మధ్య ఒక పాత నేత చీర కట్టి, దాని వెనక కూర్చున్నాడు. చేతికి తొడుక్కునే గుడ్డ బొమ్మలు. తలలు మాత్రం ఏటికొప్పాకలో చేయించిన అంకుడు కర్రవి. ఒక తాత, ఒక అవ్వ. రేకు పెట్టె మూత మీద వేళ్ళతో వాయిస్తే అదే మేళం.

తాత బొమ్మకు ఏమీ రాదు. గొయ్యి తవ్వి, అందులో మొదట పగిలిన లాంతరు చిమ్నీ పడేశాడు. పిల్లలందరూ వద్దని అరిచారు.

"ఏం, కుళ్ళదేటి? మా మావని పాతితే కుళ్ళేడు గదా!"

మగవాళ్ళు పగలబడి నవ్వారు. ఒకాయన వెనక నుంచి "మీ మావ గాజోడా బావా?" అన్నాడు. తాత బొమ్మ చిమ్నీ తీసి పక్కన పెట్టి, ఈసారి చెరకు ఆకు మీద చెరకు ఆకే పేర్చుకుంటూ పోయాడు. పేడ లేదు, నీళ్ళు లేవు. ఇక పెద్దమ్మ ఆగలేకపోయింది. నడుముకి చెంగు దోపి ముందుకొచ్చింది.

"మజ్జిలో పేడ నీళ్ళు జల్లాల. ఉత్త ఆకేత్తే ఏడాదైనా అలాగే ఉంటాది. ఓరి బొమ్మా, నీది కర్ర బుర్రేటి?"

"అవునమ్మా, కర్రదే. ఏటికొప్పాక కర్ర. తట్టి సూడు!"

తాత బొమ్మ తలను చీర మీదుగా ముందుకు చాపాడు. పెద్దమ్మ నిజంగానే వేలితో తట్టింది. వీధంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. అమ్మ పోయిన తర్వాత అంతమందిలో నేను నవ్వడం అదే మొదటిసారి అయి ఉండాలి, ఎందుకంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

తర్వాత అవ్వ బొమ్మ వచ్చింది. కుప్ప లోపల పని జరుగుతోందో లేదో తెలుసుకోవాలంటే ఒక కర్రను లోపలిదాకా గుచ్చి, కాసేపు ఉంచి, తీసి పట్టుకుని చూడాలంది. వెచ్చగా ఉంటే గత్తం అవుతున్నట్టు. చల్లగా ఉంటే తిరగెయ్యాలి. కర్ర పట్టుకుని చూడటానికి ఒక పిల్ల కావాలని అడిగింది. ముందు వరసలో కూర్చున్న నా వైపు తిరిగింది.

"నీ పేరేటి పాపా?"

నేను చెప్పేలోపే వెనక నుంచి నలుగురు అరిచారు. ఆ వెంటనే పాట. పెంటమ్మా పెంటమ్మా, ఎవరి పిల్లవే పెంటమ్మా. అంతవరకూ బొమ్మ చేతులు ఊపుతూ ఉండేది. అది ఆగిపోయింది. బొమ్మలాయనకు ఏం చెయ్యాలో తోచలేదని ఇప్పుడు అర్థమవుతుంది. అప్పుడు మాత్రం బొమ్మ కూడా నా పేరు విని ఆగిపోయిందనుకున్నాను. లేచి పరిగెత్తాను. ఎక్కడికని అడగక్కర్లేదు.

ఆట అయ్యాక అతను పెరట్లోకి వచ్చాడు. ఏ వీధిలో ఆడితే ఆ వీధి గత్తం ఒక బుట్టెడు అడిగి తీసుకుని, తర్వాతి చోట చూపించడం అతని పద్ధతి. నాన్నమ్మ చెయ్యి చూపించి పంపింది. నడివయసు మనిషి. ఎదుట నిలబడితే బొమ్మలకున్నంత హుషారు కూడా లేదు. నన్ను చూసి, చేతికి ఇంకా ఉన్న అవ్వ బొమ్మను తీసేసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. నేను అది గమనించాను. బొమ్మతో నన్ను నవ్వించే ప్రయత్నం చేసి ఉంటే నేను ఒక్క మాట కూడా మాట్లాడేదాన్ని కాదు.

బుట్ట నింపుతూ, ఇక్కడెందుకు కూర్చున్నావని అడిగాడు. కొత్త మనిషి, సాయంత్రానికి వెళ్ళిపోయే మనిషి. చెప్పేశాను. నన్ను ఇక్కడే పారేశారని, చేటెడు తవుడుకి కొన్నారని, కొన్న అమ్మ పోయిందని, పారేసిన అమ్మ రావచ్చని. అంతా చెప్పడానికి ఎంతోసేపు పట్టలేదు. అతను నవ్వలేదు. అలా కాదమ్మా అని కూడా అనలేదు. ఆ తంతు మా వైపు ఎవరికి తెలియదు? అది ఉత్తదని అతను చెప్పవచ్చు. చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు. ఆ సంగతి అతనికి తెలిసి ఉండాలి.

"పారేసినప్పుడు సూసినోళ్ళెవరు?" అన్నాడు.

"అందరూ అంటారు."

"అనడం వొద్దు. కళ్ళతో సూసినోళ్ళు?"

"పెద్దమ్మ. ఆవిడే నన్ను ఎత్తింది."

"నీ బుర్ర కర్రదేటి అన్నదీ, ఆవిడేనా?"

నేను తలూపాను. పెద్దమ్మను అడిగావా అన్నాడు. అడిగితే తవుడుకి కొన్నామనే అంటుందని చెప్పాను. అతను బుట్ట ఎత్తుకున్నాడు.

"అడిగితే అదే సెప్తాది. మద్దేనం గానుగ కాడ ఆట ఉంది, రా. ముందు కూకోకు. ఎనక కూకో."

నాన్నమ్మకు చెప్పకుండా అతని సైకిలు వెనక నడిచాను. మధ్యలో చర్చి వీధిలో ఆగి ఆడాడు. అక్కడ కిరస్తానీల ఇళ్ళ ముందు బంతి, గులాబీ మొక్కలు ఉండేవి. తాత బొమ్మ పచ్చి పేడను తెచ్చి గులాబీ మొదట్లో పోసేశాడు. బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ లేచి, పచ్చి పేడ వేస్తే వేరు మాడిపోతుందని, ఆరునెలలు మాగనివ్వాలని, వేలు చూపిస్తూ మొత్తం పాఠం చెప్పింది. తాత బొమ్మ చేతులు కట్టుకుని విన్నాడు. బొమ్మలాయన చెప్పవలసిందంతా ఆవిడే చెప్పేసింది.

దారిలో అడిగాను, మీకు నిజంగా తెలియదా అని.

"తెల్సు. నాకు తెల్సని సెప్తే ఒక్కరూ నోరిప్పరు. తప్పు సేసి సూపెడితే ఊరంతా మేష్టర్లే."

గానుగ మా చెరకు పొలాల గట్టున ఉండేది. ఆ రోజుల్లో పుష్యం, మాఘం నెలల్లో అనకాపల్లి చుట్టూ ఎక్కడ చూసినా గానుగలే. పెద్దమ్మ అక్కడ చెరకు గడలు మోసే పనికి వెళ్ళేది. మేం వెళ్ళేసరికి పెనం దించారు, కొత్త రసం ఇంకా పొయ్యి ఎక్కలేదు. కూలివాళ్ళు అన్నాలు తిని పిప్పి కుప్పల మీద కూర్చున్నారు. బొమ్మలాయన చీర కట్టాడు. నేను వెనక, పిప్పి కుప్ప పక్కన కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను చూడలేదు.

చిమ్నీ, చెరకు ఆకు, పేడ నీళ్ళు అన్నీ అయ్యాయి. ఈసారి అవ్వ బొమ్మ కుప్ప దగ్గరికి ఖాళీ చేతులతో రాలేదు. జేబురుమాలు చుట్టి చేసిన చిన్న బిడ్డను ఎత్తుకుని వచ్చింది. చీర ముందు మా పెరటి గత్తం బుట్ట ఉంది. బిడ్డను ఆ బుట్టలో పెట్టింది. పెట్టి, వీపు తిప్పి నిలబడింది. చూస్తున్నవాళ్ళందరికీ అదేమిటో అర్థమైంది. మాటలు తగ్గాయి.

బొమ్మ కదల్లేదు. బొమ్మలాయన నోటితోనే కాకి అరుపు అరిచాడు. బొమ్మ తిరగలేదు. కుక్క మొరిగింది. తిరగలేదు. రెండో చేతికి తాత బొమ్మ. దానికి ఒక గుడ్డ ముసుగు వేసి పొరుగింటావిడను చేశాడు. ఆవిడ తీరుబడిగా వచ్చి, ఎవర్తో పారేసిన పిల్ల, కొంటావేటి అంది.

"నాకేటి? తవుడుంటే ఇత్తాను, నేపోతే నేదు" అంది అవ్వ బొమ్మ, అటు తిరిగే.

ఎవరో కిసుక్కుమన్నారు. నేను రెండేళ్ళుగా మనసులో చూసుకుంటున్నది అచ్చం అదే. అదే వీపు.

అప్పుడు పెద్దమ్మ లేచింది.

"ఆపు. అలాక్కాదు."

"ఏటమ్మా, తప్పా? ఇంటేపే గదా మొగం ఎట్టాల?"

"ఎట్టాల. అది నియమం. కానీ ఆవిడ ఎట్టనేదు."

"ఎవరమ్మా?"

నోరు జారిందని పెద్దమ్మకు అప్పుడు తెలిసినట్టుంది. చుట్టూ చూసింది. వెనక పిప్పి పక్కన నేను కనిపించాను. ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ తర్వాత బొమ్మలాయనతో కాదు, నాతో మాట్లాడింది. అంతమంది మధ్య, అంత దూరం నుంచి, కొంచెం కేకేసినట్టుగానే.

"మీ అమ్మ అలా నిలబడనేదే. ముందు గత్తంలో సెయ్యి ఎట్టి సూసింది, ఎక్కడ వెచ్చగా ఉందోనని. సలికాలం గదా. అక్కడే చాట ఎట్టింది. రెండడుగులేసి తిరిగి సూసింది. నాను కసిరేను. మల్లీ తిరిగింది. నాను సందు సుట్టూ తిరిగి రావాల. సగం దారిలో ఉన్నాను, కాకి వాలిందని పరిగెత్తుకెల్లి ఎత్తేసుకుంది. నాను వచ్చేసరికి నువ్వు దాని బుజం మీద ఉన్నావు. నిన్ను నాను ఎత్తనేదు. నాను అమ్మనేదు. ఎవరూ కొననేదు."

"మరి తవుడో?" అన్నాడు ఒకాయన.

"ఒట్టినే ఇచ్చింది, ఎవరికీ సెప్పొద్దని. మా గేదె తినేసింది."

ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. చీర మీద అవ్వ బొమ్మ మెల్లగా తిరిగింది. బుట్టలోని బిడ్డను చూసింది. వంగి ఎత్తుకుంది. బొమ్మలాయన పెట్టె మూత వాయించలేదు.

పెద్దమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నా మొహం రెండు చేతులతో పట్టుకుంది. చేతులకు చెరకు రసం జిగురు. నా జుట్టు ఆ జిగురుకి అంటుకుంది. అప్పుడు ఏడ్చాను. రెండేళ్ళ ఆలస్యంగా, మా అమ్మ కోసం. రసం మళ్ళీ పెనంలో పోసి, మంట పెట్టి, మిగతావాళ్ళు పనికి లేచిపోయినా నేను ఆపలేకపోయాను. పెద్దమ్మ ఆ పూట కూలి వదులుకుని నా పక్కనే ఉండిపోయింది.

ఆవిడ అంతకాలం ఎందుకు చెప్పలేదో నాకు పెద్దయ్యాక తెలిసింది. అమ్మ తిరిగి చూసింది కాబట్టే తంతు చెడిందని, బిడ్డకు బదులు తల్లి పోయిందని ఆవిడ భయం. తాను గట్టిగా ఆపి ఉంటే అమ్మ బతికేదేమోనని ఆ రెండేళ్ళూ అనుకుంటూనే ఉందట. నేను కుప్ప దగ్గర కూర్చుని ఎదురుచూస్తున్నాను. ఆవిడ రోజూ అదే కుప్ప మీద చెత్త పోస్తూ, నన్ను చూస్తూ, ఏమీ అనలేక వెళ్ళిపోతోంది. మా ఇద్దరి మధ్యా పది అడుగుల దూరం.

గానుగ దగ్గర మాట ఇంటికి చేరడానికి ఎంతసేపు? సాయంత్రం నేను వెళ్ళేసరికి నాన్నమ్మ పొయ్యి ముందు ఉంది. తిడుతుందని నిలబడ్డాను. ఆవిడ మంట ఎగదోసింది.

"గుమ్మంలోంచి నానూ సూసేను ఆ రోజు" అంది చివరికి. "నానేటీ అననేదు."

ఎందుకు అనలేదని అడిగాను.

"మీ నాన్నని గత్తం మీద పడుకోబెట్టినప్పుడు నాను తిరగనేదు. నియమం తప్పనేదు. ఎనకాల ఆడు ఏడుత్తన్నాడు. ఆ ఏడుపు ఇప్పటికీ ఇనబడతాది."

కంచం నా ముందుకు జరిపింది. ఆ విషయం మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు.

బొమ్మలాయనను మళ్ళీ చూడలేదు. ఆ సాయంత్రమే కొండకర్ల వైపు వెళ్ళాడని ఎవరో అన్నారు. మరుసటి ఏడు ఎదురుచూశాను. వేరే మనిషి గోడ మీద బొమ్మల పటం తగిలించి, కర్రతో చూపిస్తూ, అన్నీ ఒప్పులే చెప్పి వెళ్ళాడు. ఎవరూ నోరు విప్పలేదు. మొదటతని పేరు నేను అడగనేలేదు.

నేను పెద్దయ్యాక రాంబిల్లి దగ్గర ఒక బడిలో పాఠాలు చెప్పాను. ఉద్యోగంలో చేరేటప్పుడు, కావాలంటే పేరు మార్చుకోవచ్చమ్మా అని గుమాస్తా మెల్లగా అన్నాడు. వద్దన్నాను. నోరు విప్పని పిల్ల తరగతిలో ఉంటే, బోర్డు మీద కావాలని తప్పు రాసి, అటు తిరిగి నిలబడేదాన్ని. ఎంత బెరుకు పిల్లయినా ఏదో ఒకరోజు లేచి, టీచర్, అలా కాదు అనేది. ఆ మాట కోసం ముప్పై ఏళ్ళు తప్పులు రాశాను. నాన్నమ్మ, నాన్న, మా ఆయన, ఒకరి తర్వాత ఒకరు వెళ్ళిపోయారు. మా అమ్మ ఎలా ఉండేదో కళ్ళతో చూసి చెప్పగల మనిషిగా పెద్దమ్మ ఒక్కతే మిగిలింది. నెలకోసారి వెళ్ళి కూర్చునేదాన్ని. చివరి రెండేళ్ళు ఆవిడకు మాటలు తప్పిపోయేవి. గత్తం సంగతి మాత్రం ఎప్పుడు అడిగినా, చెయ్యి పెట్టి చూసిన దగ్గర నుంచి గేదె తవుడు తినేదాకా, ఒక్క మాట మారకుండా చెప్పేది. ఒక్కోసారి నేనే కావాలని, అమ్మ అటు తిరిగి నిలబడింది కదూ పెద్దమ్మా అనేదాన్ని. కోపంగా తల అడ్డంగా ఊపి, మొదటి నుంచి మళ్ళీ చెప్పేది.

ఈ పుష్యంలో ఆవిడను తీసుకెళ్ళినప్పుడు ఆడవాళ్ళం వీధి చివరి దాకా నడిచి ఆగాం. తిరిగి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని, చూస్తే మంచిది కాదని ఎవరో అన్నారు. అందరూ తలవంచుకుని నడిచారు. నేను తిరిగి చూశాను. రెండడుగులు వేసి మళ్ళీ చూశాను. పాడె మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూశాను. బొమ్మ తిరిగిన ఆ రోజు నుంచి నేను నేర్చుకున్నది ఏదైనా ఉంటే అది ఇదే. నియమం ఏం చెప్పినా, మనవాళ్ళను వదిలి వచ్చేటప్పుడు తిరిగి చూస్తాను.

మా పెరడు ఉన్నచోట ఇప్పుడు మూడంతస్తుల ఇళ్ళు. గానుగ గట్టు మీద రోడ్డు పడింది. నేను మేడ మీద రెండు ప్లాస్టిక్ డబ్బాల్లో కూర తొక్కలు, ఎండుటాకులు వేసి గత్తం చేసుకుంటాను. పొద్దున్నే ఒక పుల్ల గుచ్చి, కాసేపాగి తీసి, చేత్తో పట్టుకుని చూస్తాను. చలికాలంలో ఆ వెచ్చదనం బాగా తెలుస్తుంది. ఆ పుల్ల చూపించడానికి ఇంట్లో ఎవరూ లేరు.

మా వైపు ఇప్పుడు ఎవరూ బిడ్డను గత్తం మీద పడుకోబెట్టరు.